షెడ్డు గుమ్మం కాడ 230 వోల్టులు ఎందుకు? కాలింగ్ బెల్లుకు డీబీలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్

నేను మేలూరు పక్క నుంచి రాస్తున్నాను. రెండెకరాల మల్బరీ, ఒక షెడ్డు. చదివింది పదో తరగతి, అదీ తమిళంలో. తెలుగు ఇంట్లో నేర్చిందే, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మొన్న మన గ్రూపులో ఒకన్న అడిగినారు, పురుగుల షెడ్డుకు కాలింగ్ బెల్లు పెట్టాలంటే ఎట్లా అని. "ఇంటికి పెట్టినట్టే పెట్టు, రెండు వైర్లు లాగితే అయిపాయె" అని చానామంది జవాబిచ్చినారు. ఆ పొద్దు నేనేమీ రాయలేదు. ఎందుకంటే నేనూ అట్లే పెట్టినాను, దానికి మా చిన్నమ్మ ప్రాణం పోబోయి నిలిచింది. సిగ్గుపడి ఊరుకుంటే ఇంకొకరి ఇంట్లో అదే జరుగుతుంది కదా అని ఈ పొద్దు రాస్తున్నాను.

జరిగింది ఇది

పురుగులు నాలుగో జ్వరం లేచి మూడో దినం. ఆకు మోసే పని జోరుగా ఉండాది. చిన్నమ్మ లోపల సచ్చిన పురుగులు ఏరి, బ్లీచింగ్ నీళ్ళలో చేతులు కడుక్కొని బయటికొచ్చింది. కొమ్మలు తెమ్మని నన్ను పిలవడానికి గుమ్మం కాడి బెల్లు స్విచ్చి నొక్కింది. చేయి తడి, కాలి కింద బ్లీచింగ్ నీళ్ళలో తడిపిన గోనె సంచి. అమ్మా అని ఒక కేక. నేను పరిగెత్తేసరికి గోడకు చేరగిలబడి కూర్చొని ఉంది. చేయి సాయంత్రం దాకా తిమ్మిరి వదల్లేదు. డాక్టరుకు చూపించినాము, దేవుడి దయ, గుండెకు ఏమీ కాలేదు.

రాత్రి అన్నం తింటా ఆమె అన్నమాట: "గంట కొట్టేదానికి పోతే గంటే నన్ను కొట్టిందిరా."

మర్నాడు మెయిన్ ఆపి ఆ స్విచ్చి విప్పి చూసినాను. పైన ప్లాస్టిక్కు సన్నగా చీలి ఉండాది. లోపల ఇత్తడి స్క్రూలకు పచ్చగా, తెల్లగా బూజు పట్టినట్టు తుప్పు. ఆ తుప్పు మీద తేమ. నేను దాన్ని బిగించి సరిగ్గా పదునాలుగు నెలలు. బిగించింది వేరెవరో కాదు, నేనే.

షెడ్డుకు బెల్లు కావాల్సిందే

బెల్లే వద్దనుకుంటే సరిపోదు. మన షెడ్డు తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి. తెరిస్తే ఊజీ ఈగ వస్తుంది. పక్క ఊరి రైతు, ఆకు బేరగాడు, గూళ్ళ బేరగాడు నేరుగా లోపలికి వస్తే వాళ్ళ కాళ్ళతో వాళ్ళ షెడ్డు రోగం మన షెడ్డుకు వస్తుంది. గుమ్మం బయటే నిలబడి గంట కొడితే మనమే బయటికి పోయి మాట్లాడొచ్చు.

ఇంకొక పని కూడా ఉంది. షెడ్డులో ఒక్కరే ఉన్నప్పుడు ఇంటికి సేతి ఫోను చేయాలంటే బ్లీచింగ్ చేతులతో ఫోను పట్టుకోవాలి, మళ్ళీ అదే చేతులతో పురుగులు ముట్టాలి. బెల్లయితే మోచేత్తో నొక్కొచ్చు. మా ఇంట్లో లెక్క ఇది: ఒక గంట అంటే కొమ్మలు తెండి. రెండు గంటలంటే ఎవరో వచ్చినారు. ఆపకుండా మూడు నాలుగు గంటలంటే ఉన్నపళాన పరిగెత్తి రండి, పామో, మంటో, మనిషి పడిపోయిందో.

కాబట్టి బెల్లు ఉండాలి. ఉండకూడనిది గుమ్మం కాడ 230 వోల్టులు.

మామూలు బెల్లులో తప్పేముంది?

మన ఇళ్ళలో కాలింగ్ బెల్లు అంటే ఎక్కువగా 230 వోల్టుల మీద నేరుగా నడిచేదే. లైటుకు పోయే ఫేజు తీగనే స్విచ్చికి తెచ్చి, అక్కడి నుంచి బెల్లుకు ఇస్తారు. అంటే మనం వేలు పెట్టే ఆ చిన్న బొత్తాం వెనక అర అంగుళం లోపల పూర్తి కరెంటు ఉంటుంది. ఎండిన చేయి, ఎండిన నేల, చెక్కుచెదరని ప్లాస్టిక్కు ఉన్నంతకాలం ఏమీ కాదు. ఇంటి వరండాలో అట్లా సరిపోవచ్చు.

షెడ్డు గుమ్మం వరండా కాదు. ముదురు పురుగులకు మనం 70 నుంచి 75 శాతం తేమ పెడతాము, చాకీకి అయితే 80 దాటిస్తాము. పురుగుకు తేమ కావాలి, కరెంటుకు తేమ పడదు. పంట పంటకూ 100 లీటర్ల నీళ్ళలో 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల సున్నం కలిపి గోడలు, గుమ్మం, కిటికీలు అన్నీ తడుపుతాము. బ్లీచింగ్‌లోని క్లోరిన్ రాగిని, ఇత్తడిని, ఇనుమును తినేస్తుంది. స్విచ్చి స్క్రూలకు పట్టిన తుప్పు అదే. తుప్పు, ఉప్పు, నీరు మూడూ కలిస్తే కరెంటుకు దారి పడినట్టే.

ఒక లెక్క చూడండి. తడి ఒంటి మనిషి ఒళ్ళు కరెంటుకు సుమారు 1000 ఓములు అడ్డు అనుకుందాము. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషిని కాపాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు కోసేట్టు చేసి ఉంటారు, అంతకు మించితే గుండె తప్పే ప్రమాదం ఉంది గనక. ఇక్కడ దానికి ఏడెనిమిది రెట్లు. నా షెడ్డులో ఆ పొద్దు ఆర్‌సీసీబీ కూడా లేదు.

అదే 12 వోల్టులయితే లెక్క 12 మిల్లీ ఆంపియర్లు. అదీ రెండు తీగలనూ రెండు తడి చేతులతో విడివిడిగా పట్టుకుంటేనే. తక్కువ వోల్టేజీకి చర్మం ఇంకా ఎక్కువ అడ్డుపడుతుంది గనక నిజానికి ఇంకా తక్కువే పోతుంది. ఒక తీగను ముట్టుకొని తడి నేల మీద నిలబడితే ఏమీ పారదు. ఎందుకో కింద చెప్తాను.

ట్రాన్స్‌ఫార్మర్ చేసే పని

మన ప్రాంతంలో మోటారు అంటే ఎవరికీ కొత్త కాదు. కోయంబత్తూరు వైపుకు పైకారా కరెంటు 1932లో వచ్చింది. 1937లో మన జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసినారు. అప్పటి నుంచి బావి గట్టు మీద స్టార్టరుతో పెరిగినోళ్ళం మనము. పెద్ద మోటారు దగ్గర జాగ్రత్తగా ఉంటాము. చిన్న బెల్లు అంటేనే అలుసు. ప్రమాదం అక్కడే ఉంది.

ఊరి చివర ఈబీ ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనినే ఈ చిన్నది కూడా చేస్తుంది. ఒక ఇనుప చట్రానికి రెండు తీగ చుట్లు. ఒక చుట్టులోకి 230 వోల్టులు పోతాయి. ఇంకొక చుట్టులో 12 వోల్టులు పుడతాయి. మొదటిదానికి సుమారు 19 రెట్లు ఎక్కువ చుట్లు ఉంటాయి, 230ని 12తో భాగించిన లెక్క అది. 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది.

ముఖ్యమైన సంగతి వోల్టులు తగ్గడం ఒక్కటే కాదు. ఆ రెండు చుట్లకూ మధ్య తీగ కలయిక లేదు. కరెంటు అయస్కాంతంగా మారి, అవతల మళ్ళీ కరెంటు అవుతుంది. 230 వోల్టుల తీగలో ఒకటి ఈబీ వాళ్ళ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. అందుకే ఫేజును ముట్టుకొని నేల మీద నిలబడితే మన ఒంటి గుండా దారి పూర్తవుతుంది. 12 వోల్టుల వైపు ఏ తీగా భూమికి కలవలేదు. ఒకటి ముట్టుకొని తడి గోనె మీద నిలబడినా దారి పూర్తి కాదు. అందుకే ఈ వైపు తీగను ఎవరైనా "ఎర్తు చేస్తే మంచిది" అన్నా చేయకండి.

ఇంగ్లండులో తీగలతో నడిచే ఇంటి బెల్లులు ఎక్కువగా ఇట్లా తక్కువ వోల్టేజీ మీదే నడుస్తాయి. అక్కడ ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంసీబీల పక్కనే పెట్టెలో బిగించడం మామూలు.

ఏది కొనాలి?

అంగట్లో "డిన్ రైల్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్" అని అడగండి. నేను మొదట అడిగినప్పుడు మొబైల్ చార్జరు లాంటి అడాప్టరు ఇచ్చినారు, తర్వాత ఎల్ఈడీ లైటు డ్రైవరు ఇచ్చినారు. రెండూ వద్దు. అవి డీసీ ఇస్తాయి, మామూలు ఏసీ బెల్లుకు పనికిరావు. చౌక డ్రైవర్లలో లోపల 230కీ బయటికీ విడదీత సరిగ్గా ఉండదు కూడా. పంపులకు వాడే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అసలే వద్దు, దాంట్లో రెండు వైపులకూ ఒకటే చుట్టు.

కొనేముందు పెట్టె మీద ఇవి చూడండి.

లోపలికి 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బయటికి 8 లేదా 12 వోల్టులు. మీరు కొనే బెల్లు మీద ఎంత రాసి ఉందో అదే తీసుకోండి. బజరుకు 8, డింగ్ డాంగ్‌కు 12 అని తరచుగా ఉంటుంది.

శక్తి 8 వీఏ ఉంటే ఒక బెల్లుకు బాగా సరిపోతుంది. 12 వోల్టుల దగ్గర 8 వీఏ అంటే 0.66 ఆంపియరు.

ఐఈసీ 61558-2-8 అనే నంబరు ఉందేమో చూడండి. బెల్లు ట్రాన్స్‌ఫార్మర్ల కోసమే రాసిన ప్రమాణం అది. షార్ట్ అయినా కాలిపోనిది అని కూడా రాసి ఉండాలి. దీనికి కారణం ఉంది. డీబీలో మనం పెట్టే ఎంసీబీ 6 ఆంపియర్లది. అది లోపలి తీగను కాపాడుతుంది గానీ ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడలేదు. బొత్తాం ఇరుక్కుపోయినా, దూరంలో తీగలు కలుసుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ తనను తానే కాపాడుకోవాలి.

ఇంకొకటి. బెల్లు ట్రాన్స్‌ఫార్మర్లు చానా వరకు అప్పుడప్పుడు మోగే పనికే చేసి ఉంటాయి. దాని నుంచే కెమెరాకు, లైటుకు, చిన్న ఫ్యానుకు తీయకండి. ఎండ ఎక్కువైతే దానంతట అదే మోగేట్టు థర్మోస్టాట్ కలపాలనుకుంటే, ఎంతసేపయినా నడవొచ్చని రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వేరుగా తెచ్చుకోండి.

కరెంటు ఖర్చు భయం వద్దు. మోగకపోయినా అది కొంచెం కరెంటు తింటుంది. గంటకు 2 వాట్ల చొప్పున తిన్నా సంవత్సరానికి 17, 18 యూనిట్లు.

డీబీలో ఎక్కడ?

డీబీ అంటే మీటరు తర్వాత ఎంసీబీలు వరుసగా ఉండే ఇనుప పెట్టె. లోపల ఎంసీబీలు తగిలించే పట్టీ ఉంటుంది, దాన్ని డిన్ రైలు అంటారు, వెడల్పు 35 మిల్లీమీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఎంసీబీ మాదిరే దాని మీద టక్కున కూర్చుంటుంది. రెండు ఎంసీబీల చోటు, సుమారు 36 మిల్లీమీటర్లు, కావాలి.

మొదటి నియమం, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంటి డీబీలో పెట్టండి, షెడ్డు డీబీలో వద్దు. అప్పుడు 230 వోల్టులు ఇంట్లోనే ఆగిపోతాయి, షెడ్డుకు పోయేది 12 వోల్టులే. షెడ్డు డీబీ తప్పనిసరి అయితే, పురుగులుండే హాలులో కాకుండా ముందు గదిలో ఉండేట్టు చూసుకోండి.

రెండో నియమం, ఆర్‌సీసీబీ తర్వాత, దానికంటూ ఒక ఎంసీబీతో. బెల్లు చెడిపోతే ఆ ఒక్కటే ఆపి పని చేసుకోవచ్చు, షెడ్డు ఫ్యాన్లు ఆగవు.

మూడో నియమం, గాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుంది. వరుస చివర పెట్టి, పక్కన ఒక ఎంసీబీ అంత జాగా ఖాళీ వదిలి, ఆ ఖాళీకి ప్లాస్టిక్కు మూత పెట్టండి. చిత్తిరై నెలలో మన మదురై ఎండకు పెట్టె ముందే వేడిగా ఉంటుంది.

డీబీలో జాగా లేకపోతే బలవంతంగా దూర్చకండి. పక్కన రెండు మూడు జాగాల చిన్న పెట్టె విడిగా దొరుకుతుంది, అందులో పెట్టించుకోండి.

మోటారు సర్వీసు నుంచి మాత్రం బెల్లుకు కరెంటు తీయకండి. అది పంపుసెట్టుకు ఇచ్చింది. పైగా త్రీ ఫేజు ఉన్నప్పుడొక తీరు, లేనప్పుడొక తీరు.

చానామంది చేసే తప్పు: తీగ

నేను రెండోసారి వైర్‌మ్యాన్‌తో చేయించినాను. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ బాగానే బిగించినాడు. కానీ 12 వోల్టుల వైపుకు వెంట్రుకలాంటి సన్న బెల్లు వైరు వేసి, ఎంసీబీల వెనక, 230 వోల్టుల తీగల మధ్యలో నుంచి దూర్చినాడు. "12 వోల్టులే కదా, ఏమయితాది?" అన్నాడు.

అయ్యేది ఇది. సన్న బెల్లు వైరు పై తొడుగు 230 వోల్టులను ఆపడానికి చేసింది కాదు. డీబీ లోపల అది ఒక వేడి తీగకు ఆనుకొని, పై తొడుగు కరిగిందనుకోండి. అప్పుడు ఆ సన్న తీగలోకి 230 వోల్టులు దిగి, నేరుగా షెడ్డు గుమ్మం కాడి బొత్తాందాకా పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కూడా మళ్ళీ మొదటికే వచ్చినట్టు. అంతకన్నా అన్యాయం, అది 12 వోల్టులే అని అందరూ ధైర్యంగా ముట్టుకుంటారు.

దీనికి మందు సులభం. 12 వోల్టుల వైపుకు కూడా మామూలు ఇంటి వైరే, 1100 వోల్టుల గ్రేడు అని దాని మీద రాసి ఉంటుంది, అదే వాడండి. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, పచ్చ కాకుండా వేరే రంగు తీసుకోండి. నేను తెలుపు, బూడిద రంగు వేసినాను. డీబీలోంచి బయటికి వేరే రంధ్రం, ఆ రంధ్రం అంచుకు రబ్బరు గ్రోమెట్. బయట వేరే పైపు. 230 వోల్టుల తీగలతో ఒకే పైపులో వేయకండి. ఆ మాట చెప్పి నేను పని మళ్ళీ చేయించినాను. కూలి మళ్ళీ ఇచ్చినాను, తప్పలేదు.

తీగ లావు ఎంత?

1831లోనే అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే అయ్యవారు పొడవాటి తీగ చివర కరెంటుతో గంట మోగించి చూపించినాడు. తీగ పొడవయ్యేకొద్దీ గంట ఎందుకు నీరసపడుతుందో మనం కూడా లెక్క కట్టొచ్చు.

ఇంటి నుంచి షెడ్డు 100 మీటర్లు అనుకోండి. పోను, రాను 200 మీటర్ల తీగ. బెల్లు అర ఆంపియరు తీసుకుంటుందనుకుందాము.

అర చదరపు మిల్లీమీటరు తీగ: అడ్డు 7.8 ఓములు, దారిలోనే 3.9 వోల్టులు పోతాయి. 12లో బెల్లుకు అందేది 8 వోల్టులే. గొంతు పట్టిన కోడి మాదిరి మోగుతుంది.

1 చదరపు మిల్లీమీటరు: అడ్డు 3.9 ఓములు, సుమారు 2 వోల్టులు పోతాయి. బాగా మోగుతుంది.

1.5 చదరపు మిల్లీమీటరు: అడ్డు 2.66 ఓములు, పోయేది 1.3 వోల్టులు. దూరం ఇంకా ఎక్కువుంటే ఇది.

నాది 70 మీటర్లు, 1 చదరపు మిల్లీమీటరు వేసినాను, చాలు. స్తంభం నుంచి చెట్టుకు, చెట్టు నుంచి షెడ్డుకు గాలిలో కట్టకండి. పిడుగు పడితే ఆ తీగ వెంట ఇంట్లోకి వస్తుంది, ట్రాక్టరు తగిలితే తెగుతుంది. పైపులో పెట్టి భూమిలో పూడ్చండి. మల్బరీ సాళ్ళ మధ్య నుంచి కాకుండా గట్టు వెంబడి పోనీయండి, లేకుంటే తవ్వేటప్పుడు పార తగులుతుంది.

కలిపే వరుస

డీబీ లోపలి పని లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్‌తోనే చేయించండి. మనకు వరుస తెలిస్తే పక్కన నిలబడి చూడొచ్చు.

ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపినా మీటరు నుంచి మెయిన్‌కు వచ్చే తీగలో కరెంటు ఉంటుంది, అది మరవొద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపాలి. ఈబీ ఆపినాము కదా అని చేయి పెడితే ఇన్వర్టర్ కరెంటు కొడుతుంది. నియాన్ టెస్టరును ఒక్కదాన్నే నమ్మకండి. కరెంటు ఉన్న చోట వెలిగేట్టు చూసిన టెస్ట్ ల్యాంపు గానీ మీటరు గానీ పెట్టి చూసినాకే చేయి పెట్టాలి.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌ను రైలు మీద కూర్చోబెట్టాలి. ఎంసీబీ కింది నుంచి ఒక తీగ 230 వైపు ఎల్ అనే చోటికి. ఎన్ అనే చోటి నుంచి నలుపు తీగ న్యూట్రల్ పట్టీకి. ఆ న్యూట్రల్ పట్టీ అదే ఆర్‌సీసీబీదై ఉండాలి. వేరే దాని న్యూట్రల్‌కు కలిపితే ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది, తర్వాత విసుగొచ్చి ఎవరో దాన్నే పీకేస్తారు. బెల్లును ఇన్వర్టర్ లైనుకు కలిపితే న్యూట్రల్ కూడా ఇన్వర్టర్‌దే.

ట్రాన్స్‌ఫార్మర్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి ఎర్తు అక్కర్లేదు. డీబీ ఇనుప పెట్టెకు మాత్రం ఎర్తు ఉండి తీరాలి.

ఇక 12 వోల్టుల వైపు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక తీగ బెల్లుకు. బెల్లు రెండో చివర నుంచి తీగ షెడ్డు బొత్తాంకు. బొత్తాం అవతలి నుంచి తీగ తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు. అంతే. బెల్లు, ట్రాన్స్‌ఫార్మర్ రెండూ ఇంట్లోనే ఉంటాయి గనక షెడ్డుకు పోయేది రెండు తీగలే. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి రెండు బొత్తాలు కావాలంటే అవే రెండు తీగలకు రెండింటినీ పక్కపక్కన కలపండి. ఏది నొక్కినా మోగుతుంది.

బొత్తాం వాన తట్టుకునేది, పెద్దది తీసుకోండి, మోచేత్తో నొక్కేట్టు. చూరు కింద పెట్టండి. స్టీలు స్క్రూలు వేయండి. బ్లీచింగ్ కొట్టేటప్పుడు దాని మీద ప్లాస్టిక్కు సంచి కట్టండి. ఎంత చేసినా రెండు మూడేళ్ళకు తుప్పు పడుతుంది. పట్టనీ, మార్చుకుందాము. 12 వోల్టుల బొత్తాం తుప్పు పడితే బెల్లు మోగదు, అంతే. 230 వోల్టుల బొత్తాం తుప్పు పడితే మనిషి పోతాడు.

అయినాక చూడాల్సినవి

డీబీ ముందు మూత మళ్ళీ బిగించినారా, వేలు దూరే సందు ఎక్కడా లేదా?

మీటరుతో బొత్తాం కాడ చూస్తే 12, 14 వోల్టులు చూపిందా? బెల్లు మోగనప్పుడు కొంచెం ఎక్కువ చూపడం మామూలే. 230 వైపు ఏమన్నా చూపితే ఎంసీబీ వెంటనే ఆపండి.

గంట తర్వాత మూత మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత కాలితే, మాడు వాసన వస్తే తప్పు జరిగింది.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బొత్తాం నొక్కితే పడిందా? నెలకొకసారి నొక్కండి. నేను చాకీ పురుగులు తెచ్చే రోజు నొక్కుతాను, అట్లయితే మరచిపోను.

డీబీ మూత లోపల కాగితం అంటించి, ఏ ఎంసీబీ బెల్లుదో రాసి పెట్టండి. మనం లేనప్పుడు ఇంట్లోవాళ్ళకు తెలియాలి.

ఇంత పని వద్దనుకుంటే

బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ బెల్లు కూడా ఉంది. బొత్తాంలో చిన్న బ్యాటరీ, ఇంట్లో ప్లగ్గులో పెట్టే గంట. గుమ్మం కాడ కరెంటే ఉండదు గనక ప్రమాదం లేదు. ఇల్లు, షెడ్డు దగ్గరగా ఉంటే చిన్న రైతుకు ఇదే మేలు. మా షెడ్డుకు తగరపు గోడ, మధ్యలో గడ్డివామి, అందుకే అది సరిగ్గా అందలేదు. బ్యాటరీ అయిపోయింది కూడా కొట్టినప్పుడే తెలుస్తుంది. మూడు గంటల లెక్క పెట్టుకున్న ఇంట్లో నాకు అది ధైర్యం చాలలేదు.

ఏదైనా పెట్టుకోండి. 230 వోల్టుల బొత్తాం మాత్రం ఈ పంట అయినాక పీకేయండి. పంట మధ్యలో ఉన్నోళ్ళు ఈ పొద్దే ఆ బెల్లు లైను ఎంసీబీ ఆపేయండి. నాలుగు దినాలు కేకేసి పిలుచుకుంటే పోయేదేమీ లేదు.

ఎవరికైనా షాక్ కొడితే

ముందు మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. మెయిన్ దూరమైతే ఎండిన కట్టెతో తీగను గానీ చేతిని గానీ విడదీయండి. చంద్రికల కాడ ఎండిన కట్టె ఒకటి ఎప్పుడూ పెట్టుకోండి, తడి కొమ్మ పనికిరాదు. 108కి ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, బండి వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చొని "నాకేమీ కాలేదు" అన్నా ఆసుపత్రిలో గుండె చూపించండి. మా చిన్నమ్మ కూడా అట్లే అన్నది, వినకుండా తీసుకపోయినాము.

ఇప్పుడు మా షెడ్డు గుమ్మం కాడ తెల్లటి పెద్ద బొత్తాం ఉంది. మొదటి దినం చిన్నమ్మ దాని దగ్గరికే పోలేదు. నేను చేయి నీళ్ళలో ముంచి, తడి గోనె మీద నిలబడి నాలుగుసార్లు నొక్కి చూపించినాకనే నమ్మింది. ఇప్పుడు కొమ్మలు తేవడం అర నిమిషం ఆలస్యమైతే రెండోసారి కొడుతుంది. కొట్టనీ.

మీ షెడ్డు గుమ్మం కాడి బెల్లు స్విచ్చి ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. విప్పకండి, ముట్టకండి, ఊరికే ఫోటో. అది 230దా కాదా, చీలిందా, తుప్పు పట్టిందా మనందరం కలిసి చూద్దాము.

మీ అందరి పంటా బాగా పండాలి.